నెర్రె మీది అద్దం ముక్క

ఊరిగాం,
14 జూలై 2004, బుధవారం.

కోలారు పక్క తమకలో ఉన్న అక్క భాగీరథికి, బావగారికి చెల్లెలు విశాల పాదాలంటి రాసుకునేది. నేను ఇక్కడ క్షేమం. మీరందరూ అక్కడ క్షేమమని తలుస్తాను. మర్యాద ఇంతటితో అయిపోయింది. ఇక కోపంగా రాస్తాను, ఓపికగా చదువు.

సోమవారం లారీ పంపుతున్నామని, సామాను కట్టుకుని ఉండమని బావగారు రాసిన కార్డు నిన్న అందింది. ఇంటికి తాళం వేసి తాళంచెవి ఆయన చేతికివ్వాలట. నన్ను ఒక్క మాట అడిగారా? సంతకు పశువును తోలుకుపోయేవాళ్ళు కూడా దాని మెడ ఒకసారి నిమురుతారు.

మా ఇంట్లో ఉంటూ నన్ను అమ్మా అని పిలిచే సొన్నప్ప బెంగళూరు నుంచి మీకు ఫోన్ చేసినందువల్ల ఇదంతా వచ్చిందని తెలుసు. వంటింటి గోడ మీద అద్దం పగిలిపోయిండాది, అమ్మను అక్కడ ఉంచొద్దండి అని చెప్పాడట. ఆ పిల్లవాడు బంగారమే, కానీ ఉత్త కంగారు మనిషి. తన కాగితాలు పెద్దవాళ్ళకు చూపించడానికి యూనివర్సిటీకి వెళ్ళి పది రోజులైంది. ఇక్కడ లేనివాడికి ఇక్కడి గోడ సంగతి ఏం తెలుస్తుంది?

నీకు ఈ పిల్లల గురించి సరిగా ఎప్పుడూ చెప్పలేదు, నువ్వూ అడగలేదు. బంగారు గనులు మూసేశాక ఈ ఊరు ఏమవుతుందో చూద్దామని యూనివర్సిటీ వాళ్ళు ఒక్కో శాఖ నుంచి ఒక్కొక్కరిని పంపారు. మన వెనక గదుల్లో ఉంటున్నది వాళ్ళే. సొన్నప్పది ముళబాగిలు పక్క పల్లె, రాగులు పండించే ఇల్లు. గనులు నీళ్ళతో నిండుతుంటే పైన భూమి ఎందుకు అదురుతుందో అతని చదువు. కమలాక్షిది బంగారుపేట. బంగారం తీసేసిన రాతిపిండిని కంపెనీ వాళ్ళు గుట్టలుగా పోశారే, ఆ సైనైడ్ దిబ్బల మీద ఏ మొక్క బతుకుతుందో వెతుకుతుంది. ఆదినారాయణప్ప మన మాటలు ఏరుకుంటాడు. ఈ గనుల ఊళ్ళో తెలుగువాళ్ళు ఇళ్ళల్లో ఎట్లా మాట్లాడుకుంటారో టేపులో పట్టుకుని బెంగళూరు తీసుకుపోతాడట. ఇదీ ఒక చదువేనా అని నేను మొదట నవ్వాను.

మా వంటింటి నెర్రె నువ్వు చూశావు కదా, పొయ్యి గట్టు మీద నుంచి దూలం దాకా పోతుంది. నలభై ఏళ్ళుగా దాన్ని నేను సున్నం కొట్టి మూస్తూ వచ్చాను. వీళ్ళు ముగ్గురూ వచ్చాక దానికి పెళ్ళికూతురి వైభోగం పట్టింది. సొన్నప్ప దాని ముందు స్టూలు వేసుకుని కూర్చుని, ఇది ఎప్పుడు పుట్టిందమ్మా, యాడ మొదలై యాడికి పోయింది, ఏ ఎయిర్ బ్లాస్టుకు అదిరి పెరిగింది అని అడిగాడు. నెర్రెకు అడ్డంగా సన్నటి అద్దం ముక్క అంటించాడు. గోడ కదిలితే అద్దం పగులుతుంది, పగలకపోతే గోడ నిమ్మళంగా ఉన్నట్టు, అంతే శాస్త్రం. నేను సున్నం బుడ్డి తీస్తే కమలాక్షి పరుగెత్తుకొచ్చి చేయి పట్టుకుంది. పూయొద్దమ్మా, ఇందులో పాచి పెరగతా ఉండాది, దిబ్బ దుమ్ము తిని ఇది ఎట్ల బతికిందో చూడల్ల అని బతిమాలింది. ఆదినారాయణప్ప మటుకు గోడ వైపే చూడలేదు. ఇంగ దీన్ని మీ అమ్మ ఏమనేది, పక్కింటి అరవవాళ్ళు ఏమనేవాళ్ళు, కన్నడంలో ఏమని పిలస్తారు అని నా నోటికేసి చూస్తూ కూర్చున్నాడు. ఒక్క నెర్రె అక్కా, ముగ్గురికి మూడు లోకాలు. మధ్యాహ్నం భోజనాల దగ్గర దాని మీద కీచులాడుకుంటారు. గోడ నాది, వంకాయ కూర నాది, మాటల్లో నన్ను కలుపుకోండర్రా అని నేను కసురుకుంటే, మీరే కదమ్మా చెప్పల్ల అంటారు.

ఆదినారాయణప్ప టేపు పెట్టిన మొదటి రోజు సంగతి విను. యూనివర్సిటీ దాకా పోయే మాట కదా, శెట్లింటి ఆడపడుచు పరువు పోకూడదని పట్టుచీర కట్టుకుని కూర్చున్నాను. నేను ఉదయమున మేల్కాంచి స్నానమాచరించి అంటూ రేడియోలో వార్తలు చదివినట్టు గంటసేపు చెప్పాను. ఆ పిల్లవాడు పాపం, మొహమాటపడి అంతా విని, మీరు ఎవరితోనన్నా ఇట్ల మాట్లాడతారా అమ్మా అని అడిగాడు. ఇంతలో పాల పిల్లమ్మ వచ్చింది. పాలల్లో నీళ్ళు పోసినావా, నీళ్ళల్లో పాలు పోసినావా, నిన్న కాఫీ చూస్తే కడుగునీళ్ళ మాదిరి ఉండాది, నీకు కండ్లు యాడ పోయినాయి అని నేను ఎత్తుకున్నాను. నా ఎనుము తాగే నీళ్ళు మీ ఊరి నీళ్ళే గదమ్మా, దాన్నడుగు పో అని ఆమె తగులుకుంది. ఇద్దరం అలిసిపోయాక తిరిగి చూస్తే టేపు తిరుగుతూనే ఉంది. ఇదే కావల్లమ్మా నాకు అని ఆదినారాయణప్ప రెండు చేతులూ జోడించాడు. సిగ్గుతో చచ్చాను.

నవ్వకు. ఒక మాట నిజంగా చెప్తున్నాను. మా ఇంటాయన పోయినప్పుడు మీ ఇంట్లో నెలరోజులు ఉన్నాను. మీరు నన్ను బాగానే చూసుకున్నారు, కాదనను. బావగారు పొద్దున్నే ధాన్యం అంగడికి పోతారు, కోడళ్ళు ఉద్యోగాలకు పోతారు, నువ్వు పూజలో ఉంటావు. అన్నం తిన్నావా అని ఒక్క ప్రశ్న తప్ప ఆ నెలంతా నన్ను ఎవరూ ఏదీ అడగలేదు. మా ఆయన ఉన్నప్పుడూ అంతే. బట్టల అంగడిలో గుమాస్తాలను అడిగినన్ని మాటలు నన్ను అడిగి ఉండరు. ఈ పిల్లలు వచ్చాకే, నాకు ఇన్ని తెలుసా అని నాకే ఆశ్చర్యమేసింది. అందుకే తమకకు రాను.

పోయిన గురువారం పొద్దున ఎయిర్ బ్లాస్ట్ వచ్చింది. గనిలో రాయి పగిలితే పైన ఇళ్ళు అదరడం నీకు తెలుసు. ఊరిగాంలో మా పద్ధతి కూడా నీకు తెలుసు. అదిరిందంటే సందంతా వీధిలోకి వస్తుంది, పెద్ద ఆడమనిషి అందరూ ఉండారా అని కేకేస్తుంది, ప్రతి ఇంటివాళ్ళూ ఉండాము అని పలికాకే ఎవరైనా లోపలికి పోతారు. ఇప్పుడు ఆ పెద్ద మనిషిని నేనే. కేక వేశాను. కమలాక్షి, ఆదినారాయణప్ప ఉండామమ్మా అని గొంతెత్తి పలికారు. అంత అదిరినా అద్దం చెక్కు చెదరలేదు.

మరి అద్దం ఎందుకు పగిలిందంటావా? మరునాడు మా పిల్లి గట్టు మీద నుంచి దూకి ఊరగాయ జాడీని తోసింది, అది పోయి అద్దానికి తగిలింది. నేను తొందరపడి, పగిలిందని సొన్నప్పకు కార్డు రాసేశాను. గోడలో ఏ దోషమూ లేదు. కాబట్టి లారీ ఆపమని బావగారికి చెప్పు. ఇంటినిండా మనుషులున్నప్పుడు నేను తాళం ఎట్లా వేస్తాను?

పిల్లలకు ఆశీస్సులు. మీ కోపం ఓర్చుకోగల,
చెల్లెలు,
విశాల.

తా.క. కవరు అంటించి పిల్లమ్మ చేతికి ఇవ్వబోయి, ఇవ్వలేక మళ్ళీ చించాను.

అక్కా, మా ఇంట్లో పిల్లి లేదు. చిన్నప్పటినుంచి నాకు పిల్లి పడదని నీకు తెలుసు, ఆ మాట దగ్గరే నన్ను పట్టుకుని ఉంటావు. వెనక గదుల్లో ఎవరూ లేరు. ఉగాదికే ముగ్గురి పనీ అయిపోయింది. కమలాక్షి పాచిని సీసాలో వేసుకుపోయింది, ఆదినారాయణప్ప నా గొంతు తీసుకుపోయాడు. సొన్నప్ప కాళ్ళకు దండం పెట్టి, అద్దం పగిలితే ఒక కార్డు రాయమ్మా, ఆ పొద్దే వస్తాను అని చెప్పి బస్సెక్కాడు. ఆ రోజు నుంచి స్నానం కాగానే అద్దం దగ్గరికే పోతున్నాను. అది పగలదు.

గురువారం అదిరింది మాత్రం నిజం. అలవాటుగా వీధిలోకి పోయి, అందరూ ఉండారా అని కేకేశాను. సందులో ఇళ్ళన్నీ తాళాలే కదా, ఎవరు పలుకుతారు? ఎవరైనా పలికితే గానీ లోపలికి పోకూడదు. ఎండెక్కేదాకా అక్కడే నిలబడ్డాను. చివరికి ఉండాను అని నాకు నేనే చెప్పుకుని లోపలికి వచ్చాను.

వచ్చి చూస్తే అద్దం అట్లాగే ఉంది. దాన్ని చూస్తే ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. అట్లకాడ తీసుకుని కొట్టాను. కార్డు అందగానే సొన్నప్ప పరుగెత్తుకొస్తాడని, ఎప్పుడు పగిలిందమ్మా, మీరు యాడ నిలబడిండారు అని అడుగుతాడని కాఫీగింజలు వేయించి పెట్టుకున్నాను. అతను నా మేలు కోరి మీకు ఫోన్ చేశాడు. అతనికి ఈరోజే నిజం రాసేస్తాను, అతని చదువులో నా అట్లకాడ దెబ్బ కలవకూడదు.

గోడకు ఏమీ కాలేదు అక్కా. నాకే ఒంటరిగా ఉంది, చాలా ఒంటరిగా ఉంది. లారీ వద్దు. కోలారులో బస్సెక్కి నువ్వొక్కదానివే రా. వచ్చి, స్టూలు వేసుకుని నా ఎదురుగా కూర్చుని, నన్ను ఏమైనా అడుగు.