నవంబర్ ఐదో గడి

బర్డాక్ లోయ, ఇండియానా
అక్టోబర్ 2, 1952

శ్రీయుత థాడియస్ ప్రూయిట్ గారికి,

కౌంటీ చరిత్ర సంఘం కార్యదర్శి, బడిపంతులమ్మ ఆర్డిత్ క్విలెన్ నమస్కరించి రాసేది.

ఈసారి మా గోడ క్యాలెండర్‌లో పువ్వులూ పిల్లికూనలూ ఉండవు. మన నాయకులు చేసి, జనం మరిచిపోయిన వెధవ పనులను ఏ తేదీవి ఆ గడిలో అచ్చు వేస్తున్నాం. జనవరి 9న ఒక షెరిఫ్ జైల్లో ఉన్న బావమరిదిని వేటకు తీసుకెళ్లి, అడవిలో మరిచిపోయి ఒక్కడే తిరిగొచ్చాడు. ఫిబ్రవరి 17న ఒక మేయరు తన కోళ్లషెడ్డు కడిగించుకోవడానికి ఊరి ఫైరింజన్ని పిలిపించాడు. ఇలాంటివి మూడొందలకు పైగా దొరికాయి.

మీ పేరు మీద 1912 నవంబర్ 5 ఉంది. ఆ ఎన్నికల రోజు మీరు చేసిన పని కళ్లారా చూసిన ముసలమ్మలు ముగ్గురు ఇంకా బతికే ఉన్నారు. అచ్చుకు ఇచ్చేముందు మీ మాట వినడం మర్యాద కదా.

ఇట్లు,
ఆర్డిత్ క్విలెన్

తా.క. భయపడకండి. ఇంత పాతవాటికి ఇప్పుడు జైలు ఉండదని మా సంఘం లాయరు నవ్వుతూ అన్నాడు.


ఆల్డర్‌టన్
అక్టోబర్ 4

మిస్ క్విలెన్ గారికి,

మీ ఉత్తరం చదివినప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. మీ లాయరు ఎందుకు నవ్వాడు?

ముప్పై ఏళ్లు ఈ కౌంటీకి కమిషనర్‌గా చేశాను. వచ్చే నెల కోర్టు ముందు నా పేరుతో రాయి నిలబెడుతున్నారు. దానిమీద ‘నిజాయితీపరుడు’ అని చెక్కేశారు కూడా. నా భార్య లెట్టీ ఆ రోజుకని కొత్త గౌను కుట్టుకుంటోంది. ఇలాంటప్పుడు నా మీద ఈ పిడుగేమిటమ్మా?

ఆ ముసలమ్మలు అంత వానలో ఏం చూసి ఉంటారు? చర్చి గంట గోపురంలో ఏమీ లేదు. ఉందని ఎవరన్నా అంటే పచ్చి అబద్ధం.

భయంతో, మీ
థాడియస్ ప్రూయిట్

తా.క. గోపురం మాట ఇంతవరకూ ఎవరూ ఎత్తకపోతే, నేనూ ఎత్తలేదనుకోండి.


బర్డాక్ లోయ
అక్టోబర్ 8

ప్రూయిట్ గారికి,

జవాబు ఆలస్యమైంది. ఇక్కడ వాన పడితే పోస్టుమాన్ రెండ్రోజులు రాడు.

వాన ఏమిటండీ? చర్చి హాల్లో, అంతమంది మధ్య జరిగింది. ఎన్నికల విందులో కేకుల పోటీకి మీరు జడ్జీగా కూర్చుని, మొదటి బహుమతి మీ అత్తగారికే ఇచ్చారు. ఆ ఓడిపోయిన ముగ్గురూ ఇప్పటికీ మండిపడుతున్నారు. సంగతి అంతే!

ఇక మీ గోపురం కథేమిటి? పాస్టరు గారిని అడిగితే, “నేనెప్పుడూ ఎక్కలేదమ్మా, నాకు కళ్లు తిరుగుతాయి” అన్నారు.

ఇట్లు,
ఆర్డిత్ క్విలెన్

తా.క. గోపురం తాళంచెవి మహిళా సంఘం అధ్యక్షురాలి దగ్గరుందట. అంటే మీ ఆవిడ దగ్గరే! రేపే వెళ్లి అడుగుతాను.


ఆల్డర్‌టన్
అక్టోబర్ 9

అమ్మా క్విలెన్ గారూ,

కేకు సంగతి ఒప్పుకుంటున్నాను. పెద్దక్షరాలతో వేసుకోండి, కావాలంటే నా ఫోటో ఇస్తాను. గోపురం మాత్రం ఎక్కకండి. నిచ్చెన పుచ్చిపోయింది. పైనంతా గబ్బిలాలు. 1926లో ఒకడు ఎక్కాడు, వాడు దిగడం నేనైతే చూడలేదు.

లెట్టీని తాళంచెవి అసలు అడగొద్దు. నేను చెంచా పట్టుకునే తీరు చూసి నా మనసులో ఏముందో చెప్పేస్తుంది. ఈ వారం నుంచి చెంచా ముట్టకుండా రొట్టె తిని బతుకుతున్నాను.

మీ శ్రేయోభిలాషి,
థాడియస్ ప్రూయిట్

తా.క. పైన పెట్టె ఏదైనా కనిపిస్తే అందులో ఉన్నవి పాత కీర్తనల పుస్తకాలు. తెరవకండి, ఆ కీర్తనలు ఏమంత బాగుండవు.


బర్డాక్ లోయ
అక్టోబర్ 14

ప్రూయిట్ గారికి,

ఎక్కాను. నిచ్చెన గట్టిగానే ఉంది. ఉన్నది ఒకటే గబ్బిలం, అదీ నన్ను చూసి బెదిరింది.

పెట్టె దొరికింది. దానిమీద ‘బర్డాక్ లోయ ఓట్లు, 1912’ అని ఉంది. లక్క ముద్ర చెక్కు చెదరలేదు. మా లోయ పెట్టె ఏరు దాటేటప్పుడు కొట్టుకుపోయిందని చిన్నప్పటి నుంచీ వింటున్నాను. శనివారం పాస్టరు గారి ఎదుట, కౌంటీ జడ్జి గారి ఎదుట తెరుస్తాం.

ఆర్డిత్ క్విలెన్

తా.క. తాళంచెవి ఇస్తూ మీ ఆవిడ, “మా ఆయన నిద్దట్లో నిచ్చెన, నిచ్చెన అని అరుస్తున్నాడు, ఎందుకంటావమ్మా?” అని అడిగింది.


ఆల్డర్‌టన్
అక్టోబర్ 15

అమ్మా,

ఇక దాచి లాభం లేదు. ఆ రోజుల్లో వాన పడితే మీ లోయ బురదలో నా కంచరగాడిదల బండి తప్ప ఏదీ కదిలేది కాదు. అందుకని కమిషనర్ పదవికి పోటీలో ఉన్న నన్నే ఓట్ల పెట్టె తెచ్చిపెట్టమన్నారు. అది తప్పని ఎవరికీ తోచలేదు, నాకు తప్ప!

అంతకు వారం ముందు మీ లోయ కమ్మరి నలుగురిలో, “నువ్వు గెలిస్తే నా గడ్డం గీయించుకుంటా పోవోయ్” అన్నాడు. లోయంతా నాకు ఎదురేనని దానితో తేల్చుకున్నాను. పెట్టె ఏట్లో పోయిందని చెప్పాను. కాల్చడానికి చేతులు రాలేదు. చర్చిలో గంట కొట్టేది అప్పుడు నేనే కనుక పైన దాచాను. తొమ్మిది ఓట్లతో గెలిచాను. మీవాళ్ల మీద ఆ కోపంతోనే నేనున్నన్నాళ్లూ మీ లోయకు రోడ్డు పడనివ్వలేదు. నా తర్వాత వచ్చినవాళ్లకూ అది పట్టలేదు.

నాకు డెబ్భై ఆరేళ్లు. రాయి పోతే పోనీ. లెట్టీ నలభై ఏళ్లుగా నన్ను నిజాయితీపరుడనే నమ్మింది. ఆవిడ కళ్లలో ఆ నమ్మకం పోవడం నేను చూడలేను. గుమ్మంలో అడుగుల చప్పుడైతే పెరటి దారి పడుతున్నాను. తెరవకండమ్మా, చేతులు పట్టుకుంటాను.

దోషి,
థాడియస్ ప్రూయిట్

తా.క. ఆ కమ్మరి గడ్డం గీయించుకోలేదు. ఆ కోపం కూడా ఉంది.


బర్డాక్ లోయ
అక్టోబర్ 19

ప్రూయిట్ గారికి,

మీ ఉత్తరం అందింది. అయినా తెరిచాం. ఆ ఓట్లు మావి.

మీ ప్రత్యర్థికి పద్నాలుగు. మీకు డెబ్భై ఒకటి.

జడ్జి గారు నమ్మలేక రెండోసారి లెక్కపెట్టించారు. పెట్టెను పెట్టెలా తెచ్చిపెట్టి ఉంటే మీరు ఊరేగింపుతో గెలిచేవారు. అంతకుముందు ఏడాది వరదల్లో మాకు పిండి బస్తాలు తెచ్చిన బండి మీ ఒక్కరిదేనట. మీకు అది గుర్తుందో లేదో, మావాళ్లు మరిచిపోలేదు. “మేమంతా థాడ్‌కే వేశామే, మరి మనకు రోడ్డెందుకు రాలేదు?” అని మా నాన్న చనిపోయేదాకా అడుగుతూనే ఉన్నాడు. ఆయనకు మతి తప్పిందనుకున్నాం.

1921లో మా అమ్మకు పురుడు కష్టమైంది. డాక్టరు గారి కారు ఏటిగట్టున బురదలో దిగబడిపోయింది. ఆయన నడిచి వచ్చేసరికి ఇద్దరూ పోయారు. ఇది మీకు రాయకూడదనుకున్నాను. రాయకుండా ఉండలేకపోయాను.

నవంబర్ ఐదో గడిలో రెండు వరుసలే పడతాయి. అక్కడ ఏముండాలో మీరే రాసి పంపండి. అక్షరం మార్చకుండా వేయిస్తాను.

ఆర్డిత్ క్విలెన్

తా.క. తాళంచెవి ఆవిడదే కనుక మీ ఆవిడా వచ్చింది. లెక్క పూర్తయ్యేదాకా అక్కడే నిలబడింది. ఆ తర్వాత మీ ఉత్తరం అడిగి చదివి, జోళ్లు చేత్తో పట్టుకుని, నా వెంట మూడు మైళ్లు బురదలో నడిచి వచ్చింది. ఇప్పుడు మా వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. ఇంటికి ఎప్పుడు వెళతారని అడిగాను. “రోడ్డు పడ్డాక. ఆయన కారులో ఈ గుమ్మం దాకా వచ్చి పిలిస్తే వెళతాను. ముప్పై ఏళ్లు ఆపినవాడికి వేయించడం ఓ లెక్కా?” అంది.