ఎర్ర నీళ్లు

786

చంద్రగిరి,
12-11-2024, మంగళవారం.

చెల్లెలు ఉమ్మే సల్మాకు,

అస్సలాము అలైకుం వ రహ్మతుల్లాహ్. ఆ కరుణామయుడి దయవల్ల ఇక్కడ మేం తింటున్నాం, తిరుగుతున్నాం. పుంగనూరులో మీ సొంత అన్నగారి ఇంట్లో అందరూ బాగున్నారని, నీ మోకాళ్ల నొప్పి తగ్గిందని తలుస్తాను. మా ఇంటావిడ ఇఫ్ఫత్ నీకు సలాం చెప్పమంది.

ఉత్తరమేంటని ఆశ్చర్యపోతావు. ఫోన్ చేయవచ్చు. కాని నా గొంతు సంగతి నీకు తెలుసు, నాలుగు మాటలు దాటితే ప్రసంగమైపోతుంది. మద్రసా గడప తొక్కినవాణ్ణి కాదు. గ్రంథాన్ని తెలుగులో చదువుకొని, వెల్డింగ్ షాపులో అరిచి అరిచి పెరిగిన గొంతుతో సాయంత్రం అసర్ నమాజు తర్వాత మసీదులో జనానికి మంచిచెడ్డలు చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఆ గొంతును నేనే నమ్మడం లేదు. అందుకే కలం పట్టాను.

నియాజ్‌కు సూళ్లూరుపేట పక్క ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా పిలుపొచ్చిందని, సోమవారం చేరాలని, నెలకు పన్నెండు వేలు, పైగా బస్సు, మధ్యాహ్నం భోజనం అని మొన్న ఫోన్లో చెప్పావు. 'భాయ్, షాకిర్‌కు చూసినట్టే వీడికీ ఇస్తిఖారా చూడండి. మీరు వద్దంటే వద్దు' అన్నావు. రెండు రకాతుల నమాజు చేసి, దారి చూపమని అల్లాను వేడుకొని పడుకోవాలి. కలలో తెలుపో పచ్చో కనిపిస్తే మంచిది, ఎరుపో నలుపో కనిపిస్తే కాదు. మన ఇళ్లల్లో ఇది తాతల నాటి నమ్మకం. పెద్దకొడుకు పోయిన నీకు మిగిలింది నియాజ్ ఒక్కడే. వాడి బతుకు నా నోటి మాట మీద ఆగి ఉంది.

నా జవాబు: పంపు. ఎందుకని అడుగుతావు. షాకిర్ దగ్గర మొదలుపెట్టాలి.

వాణ్ణి నా షాపులో వదిలిన రోజు నువ్వు మన పెద్దల మాటే అన్నావు. 'భాయ్, చర్మం మీది, ఎముకలు మావి' అని. కొట్టినా సరే పని నేర్పించమని. షాకిర్ నవ్వి, 'మరి నాకేం మిగిలె అమ్మీ?' అన్నాడు. నేనూ నవ్వాను.

ఏడాదిలో వాడి చేయి తిరిగింది. నా అతుకుకన్నా వాడి అతుకు నున్నగా పడేది. నేనిచ్చింది నెలకు మూడున్నర వేలు, అదీ నాలుగు గురువారాలకు పంచి. ఒకరోజు వాడు గేటు కోసం తెచ్చిన రేకు మీద సుద్దముక్కతో ఊళ్ల పేర్లు రాశాడు. ఐటీఐలో తనతో చదివినవాళ్లకంతా ఫోన్ చేసి అడిగాడట. పీలేరులో బైకు షెడ్డుకు రెండు వేలు. తిరుపతిలో టైలరు దగ్గర టీ ఖర్చులు మాత్రమే. అదే తిరుపతిలో ఏసీ మెకానిక్ దగ్గర అయిదు. సూళ్లూరుపేటలో తొమ్మిది. అరవదేశంలో శ్రీపెరుంబుదూరు పోతే పదమూడు. చివర చంద్రగిరి అని రాసి, ఎదురుగా ఏమీ వేయకుండా నావైపు చూశాడు.

'ఉస్తాద్, అదే రాడ్డు, అదే మంట, మండేది ఇవే కండ్లు. బస్సెక్కి మూడు గంటలు పోతే నా చేతికి ఇలువ యాడ్నించి వస్తాది?' అన్నాడు.

సల్మా, ఆ ప్రశ్నకు నా దగ్గర ప్రసంగమే ఉండింది. మూసా ప్రవక్త అంతటివాడు మద్యన్‌లో ఎనిమిదేళ్లు ఒకరి గొర్రెలు మేపాడు, నీకు ఒక్క ఏడాదికే ఓపిక లేదా అని గర్జించాను. వాడు తల గోక్కొని, 'ఆయనకు కూలి ముందే మాట్లాడినారు కదా ఉస్తాద్. పిల్లనిచ్చి పెండ్లి గూడా చేసినారు' అన్నాడు. పక్క పెయింటు షాపు మునస్వామి పగలబడి నవ్వాడు. 'ఏం సాయిబూ, మైకు ముందర న్యాయం, గల్లా ముందర ఊరి ధరనా?' అని అంటించాడు. నాకు ఒళ్లు మండింది. తడిగుడ్డ తెచ్చి ఆ రాతలు తుడిచేశాను. మరునాడు ఆ రేకు కోసి ఎవరి గేటుకో బిగించాం. ఎవరిదో గుర్తులేదు. ఇప్పుడు కోట వీధిలో నడిస్తే ఏ గేటునూ తలెత్తి చూడలేను.

ఆ నెలలోనే వాడికి ఫ్యాక్టరీ పిలుపొచ్చింది. నువ్వు ఇస్తిఖారా చూడమన్నావు. మర్నాడు పొద్దున నీ గడపలో నిలబడి, కలలో ఎర్ర నీళ్లు కనిపించాయి, ఆ దారి మంచిది కాదు అన్నాను. నువ్వు నమ్మావు. షాకిర్ మాత్రం షాపుకొచ్చి, 'అల్లానే వద్దన్నాడా ఉస్తాద్? కచ్చితంగా?' అని అడిగాడు. అవునన్నాను. సరేనని నల్లద్దం ముఖానికి దించుకొని పనిలో కూర్చున్నాడు.

నలభై రోజులు తిరగలేదు. తిరుచానూరులో లాడ్జి నాలుగో అంతస్తు మీద నీళ్ల ట్యాంకుకు స్టాండు కడుతున్నాం. వాడి నడుముకు బెల్టు లేదు. ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌నైనా అది కట్టనిదే పైకి ఎక్కనివ్వరని నాకు తర్వాత తెలిసింది. మిగతాది నీకు రాయనక్కర్లేదు.

షాకిర్ జనాజా లేచే ముందు, ఇంటినిండా మనుషులుండగా నువ్వన్న మాట నేను మరిచిపోలేదు. 'భాయ్ కలలో ఎర్ర నీళ్లు సూసినాడు. ఇదే అది. ఈ ఏడు వాడి రాతలో ఎరుపే ఉండాది, యాడ ఉన్నా తప్పేది కాదు' అన్నావు. అందరూ విన్నారు. ఆనాటినుంచి నా పేరు పెరిగింది. పాకాల నుంచి, పీలేరు నుంచి కల చూడమని వస్తున్నారు. చేతులు కళ్లకద్దుకొంటున్నారు. నువ్వు ఊరు విడిచి పుంగనూరు పోయావు. నేను గౌరవంతో ఇక్కడే ఉన్నాను.

ఇంకోటి చెప్పాలి, పిచ్చి అనుకోకు. చనిపోయినవాళ్లు తిరిగి రారని నేనే వందసార్లు చెప్పాను. అయినా అసర్ తర్వాత నేను మాట్లాడ లేచానంటే, చివరి వరుసలో గోడకు ఆనుకొని షాకిర్ ఉంటాడు. నిప్పురవ్వలకు చిల్లులు పడిన అదే నీలం చొక్కా. ఏమీ అడగడు, వింటాడు. పోయిన వారం కూలి గురించి చెప్తున్నాను. పనివాడి చెమట ఆరకముందే కూలి చేతిలో పెట్టమన్న ప్రవక్త మాట సగం చెప్పి వాడివైపు చూశాను. ఆ చొక్కా ఇంకా తడిగానే ఉంది. రుమాలుతో ముఖం కప్పుకొని కూర్చున్నాను. దైవభీతితో ఏడుస్తున్నానని జనం 'సుబ్‌హానల్లాహ్' అన్నారు.

నియాజ్‌కు చెప్పు. చేరే రోజే జీతం ఎంతో, ఎన్నాళ్లో రాసిన కాగితం అడిగి తీసుకోవాలి. బెల్టు ఇవ్వనిదే ఎత్తు ఎక్కకూడదు. ఎవరైనా ఓపిక గురించి ఉపదేశం చేస్తే, ఆ ఓపికతో లాభం ఎవరికో ముందు చూసుకోవాలి.

అల్లా మీ ఇద్దరికీ నీడగా ఉండుగాక. నీ అన్న అని రాయడానికి చేయి రావడం లేదు.

షఫీవుల్లా

తా.క.: కవరు అంటించి మళ్లీ చించాను. అసలు మాట పైన రాయలేకపోయాను. సల్మా, షాకిర్ కోసం నేను ఇస్తిఖారా చేయనే లేదు. చాప పరచలేదు, కాళ్లూచేతులు కడుక్కొని వజూ కూడా చేయలేదు. నువ్వు అడిగిన ఆ సాయంత్రమే లాడ్జి పని ఒప్పుకొని వచ్చాను. షాకిర్ ఫ్యాక్టరీకి పోతే వాడి చోట పెట్టుకొనే వెల్డరు రోజుకు తొమ్మిది వందలు అడిగాడు. ఎర్ర నీళ్లు ఏ కలలోనూ రాలేదు. మా ఇంటి నుంచి మీ గడప దాకా నడిచేలోపు కల్పించుకొన్నాను. తీసుకొనేటప్పుడు నిండుగా కొలిపించుకొని, ఇచ్చేటప్పుడు తగ్గించేవాళ్లకు వినాశమని దేవుడు చెప్పినది నేనే ఊరంతా చాటాను. ఆయనకు చేసిన తప్పు ఆయన క్షమిస్తాడేమో, మనిషికి చేసినది ఆ మనిషే క్షమించాలి. ఆ మనిషి లేడు. ఈ శుక్రవారం జుమ్మాలో మైకు ముందు ఇదంతా చెప్తాను. ఊరికన్నా ముందు నీకు తెలియాలని స్పీడుపోస్టులో వేస్తున్నాను. నియాజ్ కోసమూ నేనేమీ చూడలేదు, ఇక ఎవరికీ చూడను. సూళ్లూరుపేట దారి మంచిదో చెడ్డదో అల్లా నాతో ఏనాడూ చెప్పలేదు. వాణ్ణి బస్సెక్కించు.