నాలుగు చోట్ల ఏసమ్మ

అన్నగారికి నమస్కారాలు.

మీ చీరల పంపిణీ సభలో ఫొటోలు తీసినవాణ్ణి. ఆ రాత్రి మీరు మూడు గంటలు ఆలస్యంగా వచ్చి మొదటి చీర అందించగానే జనం ఒక్కసారిగా తోసుకురావడంతో బారికేడ్లు పడిపోయి, కొందరు కింద పడ్డారు. నేను స్పీకర్ డబ్బా ఎక్కి ఫొటోలు తీశాను. మరునాడు మీరు ఫోన్ చేసి, "జనం పల్సగ కనవడుతుండ్రు, జెర ఎక్కువ జెయ్ తమ్మీ" అన్నారు. ఉన్నవాళ్లనే కంప్యూటర్లో మళ్లీ మళ్లీ అతికించి పెంచాను. ఆ ఫ్లెక్సీ ఇప్పుడు పటాన్‌చెరు చౌరస్తాలో ఉంది.

నిన్న మళ్లీ ఫోన్ చేశారు. మీకు అనుమతి అయిదు వందల మందికేనట, పోలీసులు ఫొటోలు అడుగుతున్నారట. "ఇగ జనాన్ని తగ్గియ్యి. పడ్డోళ్లు ఒక్కలు గూడ కనవడొద్దు" అన్నారు. తగ్గించడం నాకు పెద్ద పని కాదు. బారికేడ్లు పడుతున్నప్పుడు కూడా మీ నవ్వు చెక్కుచెదరలేదు కాబట్టి దాన్ని ముట్టుకోవలసిన అవసరం లేదు.

ఒక్కటే చిక్కు, తప్పుగా అనుకోవద్దు. తొక్కిసలాటలో కాలు విరిగిన ఏసమ్మ మా మేనత్త. పడకముందు తీసిన ఆమె బొమ్మను నేను చూసుకోకుండా అతికించాను. ఫ్లెక్సీలో నాలుగు చోట్ల నిలబడి మీకు చేతులు ఊపుతోంది. ఆ నలుగురినీ ఈ పూటే తీసేస్తాను. ఆస్పత్రిలో పడుకున్న అయిదో ఏసమ్మను ఎలా తీసేయాలో మీరే చెప్పాలి.

ఇట్లు,
మీ జనాన్ని పెంచినవాడు