సాలీడు, నత్త, ఇరవయ్యో తేదీ

అక్కకు నమస్కరించి తమ్ముడు రాస్తున్నది.

మా ప్రాణుల ప్రదర్శనశాల మరమ్మతులు అయ్యేదాకా నీ ఇంట్లో పెట్టిన గాజుతొట్లు రెండూ జాగ్రత్త. గుల్లలేని ఆ సముద్రపు నత్తకు పాచి చాలు. టరాంటులా సాలీడుకు వారానికో మిడత. ఇరవయ్యో తేదీన అధికారి వచ్చి లెక్క చూస్తాడు. ఒక్కటి తగ్గినా నా తాత్కాలిక ఉద్యోగం ఊడినట్టే. శిక్షణకని పంపిన ఈ ఊళ్ళో నాకు కాలు నిలవడం లేదు.

నీ తమ్ముడు

తా.క. శిక్షణ ఏనుగుతో మొదలుపెట్టారు. పదిరోజులైనా తొండం దాటలేదు.

*

తమ్ముడికి అక్క దీవెనలు.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాను. నత్త నాలాంటిది. పెట్టింది తింటుంది, నోరెత్తదు. సాలీడు నీలాంటిది. తలుపు చప్పుడైనా ఉలిక్కిపడుతుంది.

అంతా దైవేచ్ఛ.

అక్క

తా.క. సాలీడు పొద్దుటినుంచి వెల్లకిలా పడి కాళ్ళు పైకెత్తింది. పక్కన కూర్చుని ప్రార్థన చేశాను.

*

అక్కా,

ఇంత పిడుగులాంటి మాట తా.క.లో రాస్తావా! అది పోయింది. నా కొంప మునిగింది. ఆ తొట్టిమీద దుప్పటి కప్పి, ఎవరితోనూ అనకు. నత్తమీద మాత్రం ఈగ వాలనివ్వకు.

నీ దౌర్భాగ్యపు తమ్ముడు

తా.క. ప్రార్థన కాస్త గట్టిగా చెయ్యి.

*

తమ్ముడికి దీవెనలు.

గట్టిగానే చేశాను. సాలీడు లేచింది. పక్కనే అచ్చం దానిలాంటిదే ఇంకొకటి కదలకుండా ఉంది.

కంగారుపడకు.

అక్క

తా.క. నత్త తల ఒంటిని వదిలేసి పాచి తినడానికి వెళ్ళింది. ఒళ్ళు అక్కడే మెల్లగా కదులుతోంది. తిండి ఎవరికి పెట్టమంటావు?

*

అక్కా, అక్కా,

నువ్వు తిని ఎన్నాళ్ళైంది? ఉపవాసాలు ఆపు. పొరుగింటి నర్సమ్మను పిలిచి నాడి చూపించుకో. సెలవు చీటీ రాశాను, దొరకగానే వస్తున్నాను. ఉద్యోగం పోతే పోనీ, నువ్వుంటే చాలు.

తమ్ముడు

తా.క. తల వెళ్ళిందా?!

*

తమ్ముడికి దీవెనలు.

రావద్దు. నేను తింటూనే ఉన్నాను. నర్సమ్మ వచ్చి తొట్లు చూసింది. ఆవిడ నాడే నేను చూడాల్సివచ్చింది.

అధికారి వచ్చాడు. ఈలోగా తొట్ల దగ్గరే కూర్చుని నేను కనిపెట్టింది ఉన్నదున్నట్టు చెప్పాను. "ఆ రెండోది సాలీడు కాదు బాబూ, అది విప్పేసిన తోలు. చొక్కా విప్పినట్టు విప్పింది. నత్త ఒళ్ళే విప్పేసింది. తలకి కొత్త ఒళ్ళు మొలుస్తోంది. వైరాగ్యంలో నత్తదే పైచేయి" అన్నాను. వింటేగా! సాలీడంటే హడలట. గుమ్మంలోనే నిలబడి, మెడ చాచి లెక్కపెట్టాడు. సాలీళ్ళు రెండు, నత్తలు రెండు. "నెల తిరక్కుండా రెట్టింపు చేశాడమ్మా మీవాడు!" అంటూ నీ ఉద్యోగం ఖాయం చేసి సంతకం పెట్టాడు.

దేవుడి దయ.

అక్క

తా.క. వచ్చే నెలకి నాలుగేసి ఉండాలట. ప్రార్థన నేను చేస్తాను. మిగతాది నువ్వు చూసుకో.