జంతికల గొట్టం మీద లేని వత్తు

ఆష్‌బెక్, షెఫీల్డ్ దగ్గర
తేదీ: 3 అక్టోబరు 2017

ఆష్‌బెక్ టౌన్ కౌన్సిలు, మ్యూజియముల అధికారి హెలెన్ హోల్రాయిడ్ గారి సముఖమునకు,

అయ్యా,

(ఆడ ఆఫీసరుకు అమ్మా అని రాయాలని మా అమ్మాయి అంటోంది. అర్జీ అన్నాక అయ్యా అనే ఉండాలి. తమరు ఏమీ అనుకోవద్దు.)

విషయం: తమ మ్యూజియంలో ఏడో నంబరు గాజు పెట్టెలో తలకిందులుగా నిలబెట్టిన నా భార్య పేరును తిన్నగా నిలిపి, అమెరికా పంపకుండా ఆపి, పది నిమిషాలు నా చేతికి ఇప్పించుట గురించి.

సూచిక: పోయిన ఏడు అక్టోబరులో నేను పెట్టుకున్న అర్జీ, మూడు నెలలు ఆగి తమరు ఇచ్చిన జవాబు.

మనవి చేసుకొనునది ఏమనగా:

1. నా పేరు లక్కోజు కోటయ్య, వయసు డెబ్బై ఆరు. సొంత ఊరు పశ్చిమ గోదావరి జిల్లా తణుకు. అక్కడ ఇత్తడి సామాను కొట్లో నలభై ఏళ్లు పాత్రల మీద పేర్లు కొట్టాను. మా వైపు బిందె మీదా చెంబు మీదా అది ఎవరిదో తెలియడానికి పేరు కొట్టిస్తారు. ఉలి మొన ఆనించి సుత్తితో చుక్క పక్కన చుక్క వేసుకుంటూ పోవడమే. నేను బడికి వెళ్లింది రెండు నెలలు. జనం చీటీ మీద పేరు రాసి తెచ్చేవారు, నేను చూసి కొట్టేవాణ్ణి. అక్షరాలు నేర్చుకున్నది అలా, ఇత్తడి మీద. అర్జీ భాష ఎక్కడ నేర్చుకున్నానంటే, వెంకటయ్య అనే ఆయన మా కొట్టు అరుగు మీదే కూచుని తాలూకా ఆఫీసుకు అర్జీలు రాసి పైకి చదివేవాడు. వినీ వినీ నాకు వచ్చేసింది.

2. నా కూతురు బిందుమాధవి ఇక్కడ పెద్దాసుపత్రిలో డాక్టరు. 2009లో నన్నూ మా ఆవిడ నాగేశ్వరినీ తెచ్చుకుంది. వచ్చేటప్పుడు బరువు ఎక్కువైందని మా ఆవిడ పెట్టెలోంచి నాలుగు చీరలు తీసేసి ఇత్తడి జంతికల గొట్టం పెట్టింది. తమరికి తెలియదు గనుక చెబుతున్నాను. పిండి ఇందులో కూరి, పైనుంచి వత్తితే, కింద చిల్లుల్లోంచి చుట్టలు చుట్టలుగా కాగే నూనెలోకి దిగుతుంది. 2014 నవంబరులో ఆవిడ పోయింది. మరుసటేడు ఇల్లు మారి ఆష్‌బెక్ వచ్చినప్పుడు బిందు వంటింటి అట్టపెట్టెలు రెండు చారిటీ షాపుకి ఇచ్చింది. ఒకదాంట్లో గొట్టం ఉంది. ఇది తెలియక జరిగినది. మా ఇంట్లో ఆ సంగతి ఎవరమూ ఎత్తము. తమరు కూడా ఎత్తవద్దని మనవి.

3. తమ ఊరికి క్లింగర్ అనే బేకరీ ఆయన ఉండేవాడనీ, జర్మనీ వాళ్లు అమెరికా వెళ్తే అక్కడ పుట్టి, అక్కడి నుంచి ఇక్కడికొచ్చి రొట్టెలు చేశాడనీ, ఆయన పేరున తమరు ఏటా ఆకురాలే కాలంలో వారం రోజుల పండుగ చేస్తారనీ తెలిసినది. మంచిదే. పోయినవాళ్లను తలుచుకోవడం ఎవరికైనా మంచిదే. అయితే పండుగ కోసం "క్లింగర్ సామాను ఎవరి దగ్గరైనా ఉంటే ఇవ్వండి" అని తమరు పేపర్లో వేయించగా, చారిటీ షాపులో ఎవరో తెలివిగల మనిషి మా గొట్టం తెచ్చి తమకు ఇచ్చినట్టు కనబడుతున్నది.

4. పోయిన అక్టోబరు పండుగకి అల్లుడు అమర్‌నాథ్ నన్ను తీసుకువెళ్లాడు. తోలు నిక్కర్లు వేసుకుని, బుగ్గలు ఎర్రగా, నా వయసు మగవాళ్లు బాజాలు వాయిస్తున్నారు. వాళ్లలో జర్మనీ వాడు గానీ అమెరికా వాడు గానీ ఒక్కడూ లేడట. ఒకాయన మా వీధిలో ప్లంబరే. "అంత చలిలో నిక్కరేమిటయ్యా?" అని అల్లుడి చేత అడిగించాను. "సంప్రదాయం" అన్నాడట. "ఎవరిది?" అన్నాను. అల్లుడు ఆ ముక్క అడగలేదు. నాకు బంగాళాదుంప ముక్కలు కొనిపెట్టి మ్యూజియంలోకి తోసుకుపోయాడు.

5. ఏడో పెట్టెలో మా గొట్టం ఉంది. చిల్లులు పైకి పెట్టి, బోర్లించిన పూలకుండీలా నిలబెట్టారు. పక్కన చీటీ. అల్లుడు చదివి చెప్పినది: "క్లింగర్ బేకరీలో బిస్కట్లు చేసిన పరికరం. పెన్సిల్వేనియా జర్మన్ల జానపద కళ. చుక్కలతో చెక్కిన తీగ మీది నాలుగు మొగ్గలు నాలుగు ఋతువులకు గుర్తు." అయ్యా, అవి మొగ్గలు కావు. నేను 1965లో, పెళ్లయిన ఏడాది, నా చేత్తో కొట్టిన నాలుగు తెలుగు అక్షరాలు. తలకిందులుగా పెట్టారు గనుక చివరిది ముందుకొచ్చింది. మూడోదాన్ని తమరు ఆకురాలు కాలం మొగ్గ అన్నారు. అది "గే". నాగేశ్వరిలో గే.

6. ఆ "గే"ను తమరు పండుగ గుర్తుగా పెట్టుకున్నారు. బయటికొచ్చి చూద్దును గదా, టౌన్ హాలు మీద జెండా నిండా గే. దీపస్తంభాలకు గే. టీ టవళ్ల మీద నాలుగు అక్షరాలూ తలకిందులుగా. పిల్లల బుగ్గల మీద ఒకామె కుంచెతో గే వేస్తోంది. ఆ ప్లంబరు నిక్కరు పట్టీల మీద కూడా గే. మా ఆవిడ బతికుండగా నలుగురిలో తన పేరు గట్టిగా పిలిస్తే ఒప్పుకునేది కాదు.

7. తిరిగి లోపలికి పోయి, నీలం స్వెట్టరులో నిలబడి ఉన్న తమరిని పట్టుకున్నాను. తమకు గుర్తుండే ఉంటుంది.

"అది మా ఆవిడ పేరని చెప్పు" అన్నాను అల్లుడితో.

అల్లుడు చాలాసేపు ఇంగ్లీషు మాట్లాడాడు. తమరు నవ్వి తల ఊపారు.

"ఏం చెప్పావు?"

"మీకు ఈ డిజైను చాలా ఇంటరెస్టింగ్‌గా ఉందని చెప్పాను మావయ్యగారూ. ముందు మెల్లగా మొదలెట్టాలి కదా."

"మెల్లగా ఏమిటి? తలకిందులుగా పెట్టారని చెప్పు. పెట్టె తాళం తియ్యమని చెప్పు."

"మావయ్యగారూ, అందరూ చూస్తున్నారు."

"చూడనీ. మీ అత్తగారినైతే ఏడాదిగా చూస్తున్నారు."

అల్లుడు మంచివాడే, కానీ వాడి ఇంగ్లీషుకి మర్యాద జబ్బు ఉంది. అందుచేత ఈసారి బిందు చేత ఇంగ్లీషు చేయించి, దీనితో జతపరచడమైనది.

8. నా మొదటి అర్జీకి తమరు ఇచ్చిన జవాబులో, తమ ఆసక్తికి ధన్యవాదాలు అనిన్నీ, యూనివర్సిటీ పెద్దమనిషి ఒకరు మొగ్గలని నిర్ధారించారనిన్నీ, వస్తువు నాదే అయితే రసీదు గానీ ఫోటో గానీ చూపవలెననిన్నీ ఉన్నది. పెళ్లాం పేరు కొట్టినందుకు నాకు నేను రసీదు రాసుకోలేదు. జంతికలు చేసేటప్పుడు ఫోటో తీసే తీరిక మా ఇంట్లో ఎవరికీ ఉండేది కాదు. అదే కాగితం అడుగున "ఈ సమాచారం మీ భాషలో కావలెనా" అని తొమ్మిది భాషల్లో అడిగారు. తెలుగు లేదు. తమ కాగితం మీద లేని తెలుగు తమ జెండాల మీద ఉన్నది.

9. రుజువు ఉన్నది. చెప్పడం ఇష్టం లేక మొదటి అర్జీలో రాయలేదు. ఇప్పుడు వేరే దారి లేక రాస్తున్నాను.

ఆ నాలుగు అక్షరాలు నా గే శ రి. ఆవిడ పేరు నాగేశ్వరి. శ కింద వ-వత్తు ఉండాలి. వత్తు అంటే పై అక్షరానికి కింద తగిలించే చిన్న అక్షరం. అది గొట్టం మీద లేదు. తమ పెద్దమనిషి చేత భూతద్దం పెట్టించి చూసుకోవచ్చును. ఊళ్లోవాళ్ల పేర్లన్నీ చీటీ చూసి కొట్టాను. ఈ ఒక్కటీ చీటీ లేకుండా కొట్టాను. ఆవిడ అయిదో తరగతి దాకా చదువుకున్నది. చూడగానే పట్టేసింది.

"నా పేరులో వత్తు ఏదండీ?"

"వత్తు ఎవరు పలుకుతున్నారే? అందరూ నాగేశరే అంటారు. పిలిచేట్టే కొట్టాను."

"దారినపోయే వాళ్లకి చీటీ చూసి కొడతారు. పెళ్లానికి చీటీ అక్కర్లేకపోయిందా?"

"నీ పేరుకి చీటీ ఎందుకు? నాకు నోటికి వచ్చు."

"బాగానే ఉంది. జంతికలు వత్తేదాని మీదే వత్తు లేదు! తప్పయిందని ఒక్క ముక్క కాగితం మీద రాసివ్వండి, మళ్లీ అడగను."

"రాయను. అది తప్పు కాదు."

ప్రతి దీపావళికీ పొయ్యి దగ్గర కూచుని ఇదే అడిగేది, నేను ఇదే చెప్పేవాణ్ణి. నలభై తొమ్మిదేళ్లు. ఉలి నా చేతిలోనే ఉండేది. కొడితే పది చుక్కలు. కొడితే తప్పని ఒప్పుకున్నట్టవుతుందని కొట్టలేదు. 2014 దీపావళికి ఆవిడ చేతుల్లో సత్తువ లేదు. పిండి కూరి గొట్టం నా చేతికిచ్చింది. "పెట్టమంటే పెట్టలేదు, ఇప్పుడన్నా వత్తండి" అని నవ్వింది. వత్తాను. మరుసటి నెల ఆమె లేదు.

కనుక, అయ్యా, ప్రపంచంలో జంతికల గొట్టాలు లక్ష ఉండవచ్చును. వ-వత్తు లేని నాగేశ్వరి ఒక్కతే. ఆ తప్పు చేసినవాణ్ణి నేను. తప్పు నాది కాబట్టి గొట్టం నాది.

10. ఇలా ఉండగా, పండుగ ఆఖరి రోజు, అనగా ఈ నెల 14వ తేదీ శనివారం, క్లింగర్ పుట్టిన పెన్సిల్వేనియా ఊరి నుంచి మేయరు గారు వస్తున్నారనీ, రెండు ఊళ్ల స్నేహానికి గుర్తుగా ఏడో పెట్టెలోని గొట్టాన్ని వారికి బహుమతిగా ఇస్తున్నారనీ బిందు పేపర్లో చదివి చెప్పింది. వీసా ఆఫీసు వరుసలో నిలబడలేనని అమెరికా చూడకుండానే పోయిన మనిషిని తమరు ఇప్పుడు తలకిందులుగా పంపిస్తున్నారు. నిన్న నేను ఒక్కణ్ణే మ్యూజియానికి వచ్చాను. నాకు వచ్చిన ఇంగ్లీషులో "మై వైఫ్" అని పెట్టె చూపించాను. తలుపు దగ్గరి అతను నాకు కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, ఇంటికి ఫోను చేయించాడు. ముసలాడికి మతి తప్పిందనుకున్నాడు. మతి ఉన్నది. వత్తే లేదు.

ఇందువల్ల తమరిని కోరుకొనునది:

అ) ఈ కాగితం అందిన రోజునే గొట్టాన్ని తిరగేసి పెట్టవలెను. దీనికి ఏ కమిటీ అక్కర్లేదు. రెండు చేతులు చాలు.

ఆ) 14వ తేదీ బహుమతి ఆపవలెను. మేయరు గారికి టీ టవలు ఇవ్వవచ్చును. చాలా ఉన్నవి.

ఇ) పది నిమిషాలు గొట్టం నా చేతికి ఇవ్వవలెను. ఉలి, సుత్తి నేనే తెచ్చుకుంటాను. మ్యూజియం వస్తువు మీద కొత్త గీత పడకూడదని తమ రూలు అని బిందు చెప్పింది. ఇది కొత్త గీత కాదు. 1965లో పడవలసినది, ఆలస్యమైంది. వత్తు పెట్టాక రుజువు చెరిగిపోతుంది గదా అని తమకు సందేహం రావచ్చును. అందుకే ముందుగా ఫోటో తీసుకోండి. తమకు ఫోటోలంటే నమ్మకం గదా.

ఈ) ఆ తరువాత అది ఇంటికి రావలెను. 19వ తేదీ దీపావళి. బిందు పిండి పట్టించి ఉంచింది. తమ రూళ్లు దానికి అడ్డం వచ్చేట్టయితే పెట్టెలోనే ఉంచుకోండి, పక్కన చీటీ మీద "నాగేశ్వరి, జంతికలు" అని రాయండి. కానీ (ఇ) మాత్రం వదులుకోను. ఎవరూ లేనప్పుడు రమ్మన్నా వస్తాను, ఆ బాజాల మధ్య రమ్మన్నా వస్తాను. నిక్కరు మాత్రం వేసుకోను.

ఇంత రాసినదీ తిన్నగా నిలబెట్టి చిత్తగించవలెను.

తమ విధేయుడు, వత్తు పడేవరకు,
లక్కోజు కోటయ్య

తా.క.: తప్పయిందని కాగితం మీద రాయడం నా జన్మలో ఇదే మొదలు. అందుచేత తమ పని అయ్యాక ఈ కాగితం ఫైలులో పెట్టకుండా వాపసు ఇప్పించగలరు. ఆవిడ ఫోటో దగ్గర పెట్టవలసి ఉన్నది. బిందు దీన్ని ఇంగ్లీషు చేసే ముందు ఎర్ర పెన్ను పట్టుకుని కూచుని ముప్పై ఒక్క చోట్ల వత్తులు దిద్దింది. నాగేశ్వరి అన్నచోట ఒక్కచోట కూడా పెన్ను ఆన్చే పని పడలేదు.