పై గదిలో ఎవరూ లేరు

ఆదివారం, నవంబరు 17

చిరంజీవి తమ్ముడికి, మరదలికి, అబ్బాయికి అక్క దీవెనలు.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. మీరూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఈ రెండు ముక్కలూ రాసేశాక నా కలానికి పట్టపగ్గాలుండవని వెక్కిరిస్తుంటావు కదా, ఇవాళ మాత్రం ఇక్కడే ఆగి మొరాయిస్తోంది. ఫోన్లో మాట్లాడితే నా గొంతు పట్టేస్తావని నీ ఫోన్లు ఎత్తడం లేదు. అందుకు మొదట క్షమించు.

నీ ఉత్తరం అందింది. అందులో ఒక్క పరుషమైన మాట లేదు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. ఇన్నేళ్లు పాఠాలు చెప్పి రిటైరవుతున్నావు, సభలో అక్కా బావా నీ పక్కన కూర్చోవాలని ముచ్చటపడ్డావు. నేనేమో సరిగ్గా ఆ పొద్దున్నే పెట్టె సర్దుకుని చెప్పాపెట్టకుండా బస్సెక్కేశాను. చివరిదాకా మా రెండు కుర్చీలూ ఖాళీగానే ఉంచావని మరదలు చెప్పింది.

హోటల్లో అసలేం జరిగిందో రాసి పంపమన్నావు. నా గొడవ వల్ల అబ్బాయిని పైవాళ్లు సంజాయిషీ అడిగారని, రిసెప్షన్ బాధ్యత వాడి నుంచి తీసేసేలా ఉన్నారని, నేను రాసింది వాడు మేనేజరుకి చూపిస్తాడని అన్నావు. సరే, రాస్తున్నాను.

మీ ఇంటినిండా చుట్టాలున్నారు, బావగారికి నలుగురిలో నిద్రపట్టదు అని నేనే అన్నాను. వాడు పాపం తను పనిచేసే హోటల్లోనే గది ఇప్పించాడు. ఎంత గొప్ప హోటలురా అది! నేల మీద మన మొహం మనకే కనిపిస్తుంది. నా చెప్పుల మురికి చూసి నాకే సిగ్గేసింది. తలుపు తీసేవాడికి మీ పెళ్లిలో నువ్వు వేసుకున్న కోటు కంటే మంచి కోటు ఉంది. అంత గొప్ప చోట కునుకు తీద్దామంటే కుదరదా అని నా బాధ.

మధ్యాహ్నం అలా నడుం వాల్చానో లేదో, పైపుల మీద ఎవరో ఇనుముతో కొట్టినట్టు టంగు టంగుమని మొదలైంది. కాసేపు ఆగడం, మళ్లీ అందుకోవడం. పొద్దున్నే తెల్లవారకముందు కూడా అదే వరస. కిందకి దిగి, మా పై గదిలో ఎవరో పైపులు బాదుతున్నారని చెప్పాను. అక్కడున్న కుర్రాడు కంప్యూటర్ చూసి, పై గదిలో ఎవరూ లేరమ్మా అన్నాడు. అయితే నాకు చెవుల్లో మోగుతోందా అని కసురుకున్నాను. పక్క గదుల వాళ్లు కూడా చప్పుడని ఫిర్యాదు చేశారట. అంటే నేనొక్కదాన్నే గిట్టక అన్న మాట కాదుగా. గది మార్చారు. అక్కడా అదే చప్పుడు. ఫ్యాక్టరీలో పైపులతోనే బతికిన మీ బావగారు కూడా ఇది పైపు మీద దెబ్బేనన్నారు.

సేవల సంగతి అడగకు. వేడినీళ్లు ఉన్నట్టుండి ఆగిపోయాయి. తువాళ్లు మార్చలేదు, పక్కలు సర్దలేదు. ఆఖరి రోజు పొద్దున్న నేను రిసెప్షన్ దగ్గర నిలబడి, నలుగురూ చూస్తుండగా ఇంతెత్తున లేచాను. ఇంత డబ్బు పోసి వచ్చేది చేతులు కట్టుకుని కూర్చోడానికా అని అడిగాను. గది సర్దే అమ్మాయిని పిలిపించారు. మేనేజరు ఏం అడిగినా ఆ పిల్ల నోరు మెదపలేదు, నావైపు మాత్రం ఒకసారి చూసింది. ఆ చూపు ఇప్పటికీ నన్ను పొడుస్తోంది. అబ్బాయి వచ్చి, నేను సొంత మేనత్తనని కూడా చెప్పుకోకుండా, పొరపాటు మాదేనండీ అని చేతులు జోడించాడు. నేను తల తిప్పుకున్నాను. చంటివాడప్పుడు నా చెంగు పట్టుకు తిరిగినవాడు నాకు దండం పెట్టి క్షమించమంటుంటే చూస్తూ నిలబడ్డాను.

నోరు పారేసుకోవడం నా తప్పే, ఒప్పుకుంటున్నాను. నా కోపం నీకు తెలియంది కాదు. కానీ చప్పుడు మాత్రం నిజంగా ఉందని, వేడినీళ్లు నిజంగా రాలేదని మేనేజరుగారికి మనవి. అబ్బాయిది ఏ తప్పూ లేదని కూడా రాస్తున్నాను. అలిసిపోయి, విసిగిపోయి ఊరికి వచ్చేశామే తప్ప నీ మీద ప్రేమ లేక కాదు.

మరదలిని అడిగానని చెప్పు. మోకాళ్ల నొప్పిని అశ్రద్ధ చెయ్యవద్దను.

ఇట్లు,
నీ మొహం చూసే ధైర్యం లేని
అక్క

తా.క.: కవరు అంటించాక చించాను. పైన రాసిందాంట్లో అబద్ధం లేదు. నిజం కూడా లేదు.

ఇప్పుడే అబ్బాయి ఫోన్ చేశాడు. నీ నంబరు కాదు కదా అని ఎత్తాను. అత్తా, నువ్వేం రాయకు, గది ఇచ్చేముందు పైపులు చూసుకోకపోవడం నా లోపమేనని రాసిచ్చేశాను అన్నాడు. ఆ తర్వాత మెల్లిగా, మావయ్య మందులు వేసుకుంటున్నారా అని అడిగాడు. మందుల సంగతి నేను ఎవ్వరికీ చెప్పలేదు.

నేను కింద అరుస్తున్నప్పుడు వాడు పైకి వెళ్లి మా గది తలుపు తీశాడట. మీ బావ బాత్రూమ్ నేల మీద కూర్చుని, పానాతో పైపు మీద కొట్టి చెవి ఆనించి వింటున్నారట. వాడిని చూసి, ప్రెషరు తగ్గింది, పై ఆఫీసరుకి చెప్పు అన్నారట. చెప్తాను సార్ అని, చెయ్యిచ్చి లేపి, తడిసిన బట్టలు మార్చి, మంచం మీద కూర్చోబెట్టి వచ్చాడు. వచ్చి నాకు దండం పెట్టాడు. తెలిసి పెట్టాడురా.

చాలా కాలంగా ఆయనకి మతి నిలవడం లేదు. ఏ పైపు కనిపించినా ఫ్యాక్టరీలో డ్యూటీ అనుకుంటారు. వేడినీళ్ల వాల్వు కట్టేసింది ఆయనే. పానా దాచేస్తే చిన్నపిల్లాడిలా ఏడుస్తారు, అందుకే ఇచ్చేస్తాను. పక్క గదులవాళ్లు మా తలుపు తడతారని భయపడి, నేనే ముందు కిందకి దిగి లేని మనిషిని పై గదిలో పెట్టాను. తువాళ్లు తెచ్చిన ప్రతిసారీ ఆ పిల్లని గుమ్మంలోంచే తరిమేసింది నేను. అయినా ఆ పిల్ల నన్ను బయటపెట్టలేదు.

ఈ కాగితం మేనేజరుకి చూపించు. మొదటి పేజీలు చింపెయ్యకు, అవి కూడా చదవనీ. ఆ పిల్లకి ఎవరైనా చదివి వినిపించమను.

చప్పుడుకి భయపడి నేను ఊరికి పారిపోలేదు. సభరోజు పొద్దున్న నీ ఆహ్వానం కార్డు ఆయన చేతికిచ్చాను. నిన్ను తనింట్లో పెట్టుకుని చదివించిన మనిషి, నీ ఫొటో అటూ ఇటూ తిప్పి చూసి, ఈయనెవరు అన్నారు. అదే మాట అందరి ముందూ నీ మొహం మీద అడిగితే ఏమైపోతావోనని నిన్ను తప్పించుకుని వచ్చేశాను. హోటల్ వాళ్ల మీద అరవడం తేలిక. నీకీ మాట చెప్పడమే నావల్ల కాలేదు.

వీలైనంత త్వరగా రా తమ్ముడూ. వచ్చి ఆయన ఎదురుగా కూర్చో. ఎవరు బాబూ అంటే నీ పేరు చెప్పు. మళ్లీ అడుగుతారు, మళ్లీ చెప్పు.