లిఫ్టు తలుపు చప్పుడు

మంగళవారం

మనవరాలు మిన్నీ భయపడ్డట్టు మా కుక్క భులోకి కాలు విరగలేదు. మోకాలి లిగమెంటు తెగింది. లిఫ్టు ఇనప తలుపు చప్పుడైతే చాలు, లిలువా రైల్వే వర్క్‌షాపు నుంచి మా ఆయన వచ్చారనుకుని ఉరికేది. ఆయన పోయి ఏడాదైంది. ఎంతమందికో పాఠాలు చెప్పినదాన్ని, ఒక్క కుక్కకు నచ్చచెప్పలేకపోయాను. మళ్లీ ఉరికితే చేసిన ఆపరేషనంతా వృథా, ఇక కుంటిదే అన్నాడు డాక్టరు.

ఈ సాయంత్రం తలుపు చప్పుడైంది. భులో చెవులు నిక్కించింది. కాసేపు విని, తల మళ్లీ ముందుకాళ్ల మీద పెట్టుకుంది.

"అది బుద్ధిగానే ఉంది కదా మామ్మా! నువ్వక్కడ ఏటి చేస్తన్నావు?" అంది మిన్నీ.

నా చెయ్యి వీధి తలుపు గడియ మీద ఉంది.

రేపు గేటు దగ్గరుండే దర్వాన్ని పిలిచి లిఫ్టు తలుపుకి నూనె వేయించాలి. కుక్క కోసమని చెప్పాలి.